రియల్ టైమ్ పీసీఆర్: ఫుడ్ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వాడాక

ఆహారంలో సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి బ్యాక్టీరియాను వెతకడమే నా పని. అందుకు రియల్ టైమ్ పీసీఆర్‌ను చాలా ఏళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను. బ్యాక్టీరియా డీఎన్‌ఏలో ఒక ముక్కను కాపీల మీద కాపీలుగా పెంచుతూ, ఆ పెరుగుదలను అప్పటికప్పుడే గీతగా చూపించే పరీక్ష ఇది. కొత్తగా తీసుకోవాలనుకునే ల్యాబ్‌ల వాళ్లు ముందుగా అడిగేది, "గంటల్లో రిజల్ట్ వచ్చేస్తుందట కదా?" అని. మెషిన్‌లో పెట్టాక గంట, గంటన్నరలో ఆ గీత, అంటే కర్వ్, కనబడే మాట నిజమే. కానీ అంతకుముందు ఒక రాత్రంతా శాంపిల్ ఇంక్యుబేటర్‌లో ఉండాల్సిందే.

25 గ్రాముల శాంపిల్‌లో ఒక్క సాల్మొనెల్లా కణం ఉన్నా మనం పట్టుకోవాలి. పీసీఆర్ ట్యూబులోకి వెళ్లేదేమో కొన్ని మైక్రోలీటర్లు. ఆ ఒక్క కణం సరిగ్గా ఆ కాస్త ద్రవంలోకే వస్తుందని ఆశించలేం. అందుకే శాంపిల్‌ను 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్ అనే పోషక ద్రవంలో (ఇలాంటి ద్రవాన్నే బ్రాత్ అంటాం) కలిపి, 37 డిగ్రీల దగ్గర సుమారు 18 గంటలు పెంచుతాం. పాలపొడిలాంటి ఎండు పదార్థాల్లో కణాలు దెబ్బతిని ఉంటాయి. అవి కోలుకోవడానికే కొంత సమయం పడుతుంది. ఈ దశను తగ్గించి తొందరపడితే ఎంత ఖరీదైన మెషిన్ ఉన్నా ఉపయోగం లేదు.

అసలు లాభమంతా ఆ తర్వాతే. సాల్మొనెల్లా పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 6579-1 ప్రకారం ప్లేట్ పద్ధతిలో (బ్యాక్టీరియాను ప్లేట్ మీద పెంచి కంటితో చూసే పద్ధతి) వెళ్తే, ఆ బ్రాత్‌ను మిగతా బ్యాక్టీరియాను అణిచి సాల్మొనెల్లాను ఎదగనిచ్చే రెండు ద్రవాల్లో, ఆర్‌వీఎస్‌లో 41.5 డిగ్రీల దగ్గర, ఎంకేటీటీఎన్‌లో 37 డిగ్రీల దగ్గర మరో రోజు ఉంచాలి. మర్నాడు ప్లేట్‌లోని ఎక్స్ఎల్‌డీ అగర్ (బ్యాక్టీరియా రంగుల్లో కనిపించే జెల్లీ) మీద, దానితోపాటు ఇంకో అగర్ మీద గీయాలి. ఏమీ లేదని చెప్పడానికే మూడు రోజులు దాటుతుంది. పీసీఆర్‌లో ఆ మాట రెండో రోజే చెప్పగలం. మామూలుగా ల్యాబ్‌కు వచ్చే శాంపిల్స్‌లో ఎక్కువ భాగం నెగెటివే కాబట్టి పనిలో పెద్ద తేడా కనిపిస్తుంది. సరుకు ఆపుకుని రిపోర్ట్ కోసం ఎదురుచూసే వాళ్లకు ఎంత టెన్షన్ తగ్గుతుందో నేను చూస్తూనే ఉన్నాను.

ఇంకో మేలు కూడా ఉంది. ఎక్స్ఎల్‌డీ మీద సాల్మొనెల్లా కాలనీ (ఒకచోట పెరిగిన గుంపు) ఎర్రగా, మధ్యలో నల్లగా కనిపిస్తుంది. ప్రోటియస్, సిట్రోబాక్టర్ అనే వేరే బ్యాక్టీరియాల్లో కూడా కొన్ని నల్ల మచ్చతో వచ్చి తికమక పెడతాయి. మరోవైపు హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేయని సాల్మొనెల్లాకు ఆ నలుపే రాదు, కంటికి దొరక్కుండా పోవచ్చు. సాల్మొనెల్లాను గుర్తుపట్టే ఇన్వ్ఏ జన్యువును వెతికే పీసీఆర్‌కు కాలనీ రంగుతో పని లేదు.

ఇక ఇబ్బందుల్లో మొదటిది, అన్నిటికంటే పెద్దది, ఇన్‌హిబిషన్, అంటే శాంపిల్‌లోని పదార్థాలే పరీక్షను అడ్డుకోవడం. కోకోలో, మసాలా దినుసుల్లో ఉండే పాలీఫినాల్స్, పాలలోని కాల్షియం, కొవ్వు పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటాయి. బ్యాక్టీరియా ఉన్నా కర్వ్ లేవదు. ఇంటర్నల్ కంట్రోల్ (పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చూపడానికి అదే ట్యూబులో కలిపే తెలిసిన డీఎన్‌ఏ) లేని కిట్‌ను, ఎంత చవకగా ఇచ్చినా, నేను ముట్టుకోను. ఆ కంట్రోల్ కూడా రాలేదంటే అది నెగెటివ్ కాదు, టెస్ట్ జరగనట్టే. అలాంటప్పుడు డీఎన్‌ఏను పదింతలు పలచన చేసి మళ్లీ పెడితే చాలాసార్లు దారికి వస్తుంది. లవంగం సంగతి వేరు. దానికి బ్యాక్టీరియాను బ్రాత్‌లోనే ఎదగనివ్వని గుణం ఉంది. అందుకే శాంపిల్‌ను మొదటి దశలోనే వెయ్యింతలు పలచన చేయాలి. అది పట్టించుకోకపోతే కంట్రోల్ చక్కగా వస్తుంది, రిజల్ట్ మాత్రం తప్పవుతుంది.

చచ్చిన కణాల డీఎన్‌ఏను కూడా పీసీఆర్ చూపిస్తుంది. వేడి చేసి తయారుచేసిన పదార్థాల్లో ఇది ఇరకాటమే. రాత్రంతా పెంచితే బతికున్నవి కోట్లలో పెరుగుతాయి, చచ్చినవి పెరగవు కాబట్టి సందేహం చాలావరకు తీరుతుంది. అయినా సీటీ విలువ (ఎన్నో సైకిల్‌లో కర్వ్ లేచిందో చెప్పే అంకె) బాగా ఆలస్యంగా, 36, 37 దగ్గర వస్తే నేను పాజిటివ్ అని రాసెయ్యను. ముందు ప్లేట్ చూస్తాను.

షిగా టాక్సిన్ తయారుచేసే ఈ.కోలై విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఎస్‌టీఎక్స్ (టాక్సిన్‌ను తయారుచేసే జన్యువు), ఈఏఈ (పేగు గోడకు అంటుకోవడానికి తోడ్పడే జన్యువు) రెండూ ఒకే బ్రాత్‌లో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఒకే బ్యాక్టీరియాలో ఉన్నట్టు కాదు. ఒకటి ఒకదానిలో, రెండోది ఇంకోదానిలో ఉండొచ్చు. కాలనీని వేరుచేసి మళ్లీ పరీక్షిస్తేనే తేలుతుంది.

పీసీఆర్ వచ్చింది కదా అని ప్లేట్లు మానేసిన ల్యాబ్‌లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. బ్యాక్టీరియా చేతికి రాకపోతే దాని పూర్తి జన్యుక్రమం చదవడం కష్టం, ఏ రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాతో అది కలుస్తుందో పోల్చడమూ కష్టమే. దక్షిణాఫ్రికాలో 2017-18లో లిస్టీరియా వెయ్యి మందికి పైగా సోకి, 200 మందికి పైగా చనిపోయారు. రోగుల నుంచి, తయారీ కేంద్రం నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా జన్యుక్రమాలను పోల్చడం వల్లే అది తినడానికి సిద్ధంగా అమ్మే మాంస పదార్థాల నుంచి వస్తోందని తేల్చగలిగారు. పీసీఆర్ కర్వ్ ఒక్కటే ఉంటే అంతదూరం వెళ్లలేరు.

మెషిన్ గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. ఏటా క్యాలిబ్రేషన్ చేయిస్తే నమ్మకంగా పనిచేస్తుంది. గది ఏర్పాటు మాత్రం ముందే ఆలోచించుకోవాలి. మాస్టర్ మిక్స్ (పీసీఆర్‌కు కావాల్సిన ఎంజైము, ఇతర రసాయనాల మిశ్రమం) కలిపే చోటుకు బ్రాత్ ట్యూబులు ఎప్పుడూ రాకూడదు, పైపెట్లు కూడా వేరువేరుగా ఉండాలి. ఖాళీ కంట్రోల్‌లో (శాంపిల్ వేయని ట్యూబులో) కర్వ్ లేచిందంటే ఆ రన్ మొత్తం పారేయాల్సిందే.

రోజూ చాలా శాంపిల్స్ వచ్చే ల్యాబ్ అయితే తప్పకుండా తీసుకోండి. వారానికి నాలుగైదే వస్తుంటే ప్లేట్ల మీద మంచి చెయ్యి ఉన్న మనిషిని తయారుచేసుకోవడం మేలు. కొన్నాక కూడా, పాజిటివ్ వచ్చిన ప్రతి బ్రాత్‌ను కాలనీ చేతికొచ్చేదాకా ఫ్రిజ్‌లో దాచండి.