కోల్టా, రెమింగ్టనా? క్యాప్ అండ్ బాల్ రివాల్వర్లలో కొత్తవాళ్లకు ఏది మేలు?

పిల్లల్ని చూడ్డానికి డల్లాసో హ్యూస్టనో వెళ్లిన విశాఖ వాళ్లు అక్కడి రేంజిలో ఈ పాతకాలపు రివాల్వర్లను పట్టుకుని, తిరిగొచ్చాక అడిగే ప్రశ్న ఒకటే. ఈ రెండు అమెరికా కంపెనీల పాత రివాల్వర్లలో మొదటగా ఏది నేర్చుకోవాలి, కోల్టా, రెమింగ్టనా? ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. క్యాప్ పెట్టి పేల్చే పాత రకమైనా సరే, పేలే స్థితిలో ఉన్న రివాల్వర్ లైసెన్సు లేకుండా మన దేశంలో ఉంచుకుంటే 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరమే. ఆ చట్టం మినహాయించేది మరమ్మతు చేసినా పేలని పాత వస్తువులనే. అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం 1898లోనో అంతకుముందో తయారైనవాటిని, తూటా వాడని వాటి నకళ్లను మామూలు తుపాకుల లెక్కలో వేయదు. రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరు, న్యూజెర్సీలో పర్మిట్ ఉండాల్సిందే. కాబట్టి ఇది అక్కడి రేంజిలో నేర్చుకునే విద్య.

సూరేకారం, గంధకం, బొగ్గు కలిస్తే తుపాకి మందు. దీపావళి చిచ్చుబుడ్డిలో ఉండేదీ, ఏజెన్సీలో నాటు తుపాకీకి మూతి నుంచి దట్టించేదీ ఈ తెగదే. ‘నల్ల మందు’ అని రాయకపోవడానికి కారణం వేరే చెప్పక్కర్లేదు, చదివేవాళ్లు అభిని అనుకుంటారు. రివాల్వర్‌లో ఈ మందును గొట్టం మూతి నుంచి కాకుండా తిరిగే సిలిండర్‌లోని గదుల్లోకి ముందువైపు నుంచి పోస్తారు. ఒక్కో గదికి వెనకాల నిప్పిల్ అనే సన్నటి రంధ్రమున్న మొన, దాని మీద చిన్న రాగి క్యాప్. బొటనవేలితో వెనక్కి లాగిన హ్యామర్, ట్రిగ్గర్ నొక్కగానే క్యాప్‌ను కొడితే నిప్పు లోపలికి పోతుంది.

ఇక పోటీ. కోల్ట్ 1851 నేవీ .36 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.36 అంగుళం), 1860 ఆర్మీ .44. రెండింటికీ సిలిండర్ పైన ఫ్రేము ఉండదు, పైభాగమంతా ఖాళీ. బ్యారెల్‌ను పట్టి ఉంచేది అడ్డంగా దిగే ఒక చిన్న సీల. రెమింగ్టన్‌కు సిలిండర్ మీదుగా ఇనుప పట్టీ పోతుంది, ఫ్రేమంతా ఒకే ముక్క. దాన్ని అందరూ ‘1858’ అంటారు గానీ ఆ సంవత్సరం బ్యారెల్ మీద కొట్టిన పేటెంటుది, ఈ రూపం అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా వచ్చింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా ఇటలీ నకళ్లే.

కొత్తవాళ్లను ఏడిపించేది కోల్ట్ సీల. సుత్తితో మరీ లోపలికి కొడితే బ్యారెల్ వెనక్కి జరిగి సిలిండర్‌ను రాసుకుంటుంది, హ్యామర్ లాగితే బరువుగా కదులుతుంది. వదులుగా పెడితే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు పెరిగి మంట పక్కలకు చిమ్ముతుంది. బొటనవేలితో నొక్కి, ఆపైన చెక్క పిడితో ఒక్క తట్టు చాలు. రెండో బాధ క్యాప్ ముక్కలు. పేలిన క్యాప్ చీలిపోతుంది. తర్వాతి గుండుకి హ్యామర్ లాగేటప్పుడు ఆ ముక్క హ్యామర్ ముందున్న గాడిలో పడి మొత్తం బిగుసుకుపోతుంది. అందుకే కోల్ట్ కాల్చేవాళ్లు మూతిని లక్ష్యం వైపే ఉంచి కాస్త పైకెత్తి హ్యామర్ లాగుతారు. అలా చేస్తే ముక్క కింద పడిపోతుంది. రెమింగ్టన్‌లోనూ ఇది జరుగుతుంది గానీ తక్కువ.

గురి విషయంలో తేడా ఇంకా స్పష్టం. కోల్ట్‌కు వెనక గురి హ్యామర్ మీద కోసిన చిన్న గంటు. హ్యామర్ లాగితేనే అది కంటికి కనబడుతుంది. పైగా 25 గజాల దగ్గర గుండ్లు గురికి పైన పడతాయి, ఎందుకంటే అది అంతకంటే చాలా దూరానికి సరిచేసిన గురి. రెమింగ్టన్‌కు పైపట్టీలోనే గాడి ఉంటుంది, కదలదు. గుండు కింద పడుతుంటే ముందు గురిని ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీసి సరిచేసుకోవచ్చు.

అయితే రెమింగ్టన్‌కు ఓ లోపం ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. సిలిండర్ తిరిగే ఇరుసు సన్నం, నున్నగా ఉంటుంది. పేలినప్పుడు సందులోంచి వచ్చే మసి సూటిగా దాని మీదే పడుతుంది. రెండు మూడు సార్లు సిలిండర్ నింపి కాల్చేసరికి తిరగనని మొండికేస్తుంది. కోల్ట్ ఇరుసు లావు, దాని మీద గ్రీజు నిలిచే గాడులున్నాయి, ఎక్కువసేపు నడుస్తుంది. దీనికి విరుగుడు రెమింగ్టన్‌లోనే ఉంది. హ్యామర్ సగం లాగి, బ్యారెల్ కింద గుండు దట్టించడానికి ఉండే లోడింగ్ లీవర్ దించి, ఇరుసు ముందుకు లాగితే సిలిండర్ చేతిలోకి వస్తుంది. తడిగుడ్డతో తుడిచి, కాస్త గ్రీజు రాసి పెట్టేస్తే అర నిమిషం పని.

అందుకే మా మాట ఇది: మొదటి రివాల్వర్‌గా ఉక్కు ఫ్రేము రెమింగ్టన్ .44. కోల్ట్ పిడి చేతిలో ఒదిగినట్టు మరేదీ ఒదగదు, రెమింగ్టన్ ట్రిగ్గర్ గార్డు పెద్ద చేతులవాళ్ల మధ్యవేలి కణుపును కొడుతుంది, అదీ నిజమే. అయినా సీల అదును తెలిసేదాకా కోల్ట్ ఆగొచ్చు. చవకగా వస్తోందని ఇత్తడి ఫ్రేముది మాత్రం తీసుకోవద్దు. నిండు మోతాదు వేస్తుంటే సిలిండర్ వెనక్కి గుద్దుకుని ఇత్తడిలో గుంట పడుతుంది, సందు పెరుగుతుంది. ఇప్పటికే ఉంటే మందు 15, 20 గ్రెయిన్లు (సుమారు 1 నుంచి 1.3 గ్రాములు) దాటకండి.

నింపే పద్ధతి రెండింటికీ ఒకటే. ఖాళీ గదుల మీద ఒక్కో క్యాప్ పేల్చి నిప్పిల్‌లో నూనెను ఎండగొట్టాలి. హ్యామర్ సగం లాగి ఉంచి, .44కి ట్రిపుల్ ఎఫ్ అనే సన్న పలుకుల మందు 25 గ్రెయిన్లు, అంటే సుమారు 1.6 గ్రాములు, కొలత గొట్టంలో పోసుకుని అక్కడి నుంచి గదిలో పోయాలి. మందు కుప్పె నుంచి సూటిగా పోయకూడదు. గదిలో నిప్పురవ్వ మిగిలి ఉంటే కుప్పె మొత్తం చేతిలో పేలుతుంది. తర్వాత గ్రీజు పట్టించిన ఫెల్ట్ బిళ్ల, ఆపైన .451 లేదా .454 అంగుళాల మెత్తటి సీసపు గుండు. లీవర్‌తో దట్టించినప్పుడు గుండు అంచు నుంచి సన్నటి సీసపు ఉంగరం చెక్కుకుని రావాలి. రాకపోతే గుండు చిన్నది, మంట పక్క గదికి పాకి రెండు మూడు ఒకేసారి పేలే ప్రమాదం ఉంది. వదులు క్యాపులు కూడా అదే తెచ్చిపెడతాయి. మందుకూ గుండుకూ మధ్య గాలి ఉండకూడదు. మోతాదు తగ్గిస్తే ఆ చోటును అమెరికా వాళ్లు క్రీమ్ ఆఫ్ వీట్‌తో నింపుతారు. మన బొంబాయి రవ్వే! క్యాపులు ఆఖరున, మూతి లక్ష్యం వైపు ఉంచి పెట్టాలి. ఆరు గదుల్లో ఐదే నింపి, హ్యామర్‌ను ఖాళీ గది మీద ఆనించాలి.

పొగలేని ఆధునిక మందు చిటికెడు వేసినా సిలిండర్ పగలొచ్చు. ట్రిపుల్ సెవెన్ లాంటి బదులు మందులైతే ఘనపరిమాణంలో 15 శాతం తగ్గించాలి. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే మూతి లక్ష్యం వైపే ఉంచి నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. రెండో చేతి వేళ్లు సిలిండర్‌కు ముందు ఉండకూడదు.

మసిలో ఉప్పులుంటాయి, గాలిలో తేమను పీలుస్తాయి. బీచ్ రోడ్డు ఫ్లాట్ల బాల్కనీ గ్రిల్లు ఎంత త్వరగా తుప్పు పడుతుందో చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కాల్చిన రోజే నిప్పిళ్లు విప్పి, వేడినీళ్లూ గిన్నెల సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక నూనె రాయాలి. కాల్చేముందు పెట్రోలియం గ్రీజు వద్దు, మసితో కలిస్తే తారులా అతుక్కుంటుంది. తేనెమైనం, ఆలివ్ నూనె కలిపింది మేలు. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగి కారిపోతుంది.

తిరుగు ప్రయాణంలో సూట్‌కేసు ఒకసారి దులపండి. తుపాకి మందు, క్యాపులు చేతి సంచీలో గానీ, చెక్ ఇన్ లగేజీలో గానీ పెట్టనివ్వరు. మిగిలింది రేంజిలో ఎవరికైనా ఇచ్చేయండి.