జీటీ రోడ్డు వెనక విత్తనాల కొట్టు: గింజల కంటే ఆదివారం పాఠం మిన్న

శ్రీకాకుళంలో మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకున్న ప్రతివారికీ జీటీ రోడ్డు వెనక సందులోని ఈ కొట్టు గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ముందు గదిలో పెద్దాయన విత్తనాలు అమ్ముతారు. వెనక పెరట్లో, పందిళ్ల కింద, ఆయన కోడలు ఆదివారాల్లో మన కాయల నుంచే మళ్లీ వేసుకునే విత్తనం కట్టుకోవడం నేర్పుతుంది. రుసుము రెండు వందలు, టీ అందులోనే. నాది టిఫిన్ హోటల్. మేడ మీద కొత్తిమీర, మిర్చి, టమాటా, పందిరికి బీర, ఆనప వేసుకుంటాను. పచ్చడికి పనికిరాని మొక్క జోలికి వెళ్లను. కాబట్టి పూల విత్తనాల సంగతి ఇక్కడ వెతకవద్దు.

నేనూ కొట్టు మీద కూర్చునేవాడినే. అమ్మేవాడు తన బేరం పోయినా సరే నిజం చెబుతాడా అన్నదే నా పరీక్ష. ధనియాల పొట్లం అడిగితే పెద్దాయన ఇవ్వలేదు. "బాబూ, నీ వంటింట్లో ఉన్నవాటికి మళ్లీ ముప్పై రూపాయలెందుకు? కొత్త పంటవి, పుచ్చు లేనివి ఏరుకో. చెప్పు కింద వేసి మెల్లగా నలిపితే రెండు బద్దలవుతాయి. రాత్రి నానబెట్టి పొద్దున్నే చల్లు" అన్నారు. ఒక్కో ధనియంలో ఉండేవి రెండు విత్తనాలు కనుక నలపమంటారు. అలాగే చేశాను, కొత్తిమీర ఒత్తుగానే వచ్చింది.

అలమరాలు కూడా చూడదగ్గవే. హైబ్రిడ్ పొట్లాలన్నీ ఒక పక్క, మళ్లీ గింజ కట్టుకోదగ్గ రకాలన్నీ మరో పక్క. ఈ విభజన చిన్న విషయం కాదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన వాటిలో అర్క అనామిక బెండ రకం. దాని గింజ దాచి వేసుకుంటే అదే బెండ కాస్తుంది. అర్క రక్షక్ టమాటా అలా కాదు, హైబ్రిడ్. దాని గింజ మళ్లీ వేస్తే ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, కాయ ఏ ఆకారమో తెలియదు. రెండింటి పేర్లకూ ముందు 'అర్క' ఉండేసరికి చాలామంది ఒకే కోవలో కడతారు. ఇక్కడ మాత్రం అడగకముందే చెబుతారు. గులాబి రంగు మందు పట్టించిన గింజలు తాకితే సబ్బుతో చేతులు కడుక్కోమని ఒక సబ్బుబిళ్ల కూడా పెట్టారు. అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అంటే జనం కడుక్కుంటున్నారన్నమాట.

ఇక పాఠం. పుస్తకం, బోర్డు ఏమీ ఉండవు, కోడలు పళ్లెంలో కాయలు పెట్టుకుని కూర్చుంటుంది. పండి పసుపెక్కిన వంకాయను కోసి, నీళ్లలో పిసికి, తేలిన తాలు గింజలు వంపేసి అడుగున మిగిలినవి చూపిస్తుంది. కూరకు కోసే లేత కాయలో విత్తనం ముదరదు, అందుకే చెట్టుకు ఒకటి రెండు కాయలు వదిలేయాలి. బీరకాయైతే తీగ మీదే ఎండి, ఊపితే గలగలలాడాలి. టమాటా గుజ్జును గింజలతో సహా గాజు గ్లాసులో ఉంచి పులియబెట్టిస్తుంది. గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది. పులిస్తే అది విడిపోతుంది. మా ఎండలకు రెండు రోజులు చాలునంది. ఇంకా ఉంచితే గ్లాసులోనే మొలకలు వస్తాయట. దోసెల పిండి ఎప్పుడు చాలించాలో తెలిసినవాడికి ఈ పని వాసనతోనే పట్టుబడుతుంది.

అసలు డబ్బు గిట్టేది తీగజాతి పాఠంతో. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక ఆ ఒక్క తరగతి సాయంత్రం పెడుతుంది. ఆ రోజు విచ్చుకోబోయే మగమొగ్గలకూ ఆడమొగ్గలకూ మధ్యాహ్నమే కొసలకు దారం చుట్టిస్తుంది. ఆడమొగ్గను పోల్చడం తేలిక, దాని అడుగున వేలెడు పిందె ఉంటుంది. పొద్దు వాలాక దారం విప్పి, మగపువ్వు రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్య మెత్తగా అద్ది, మళ్లీ దారం కట్టి తొడిమకు గుడ్డ పీలిక ముడివేయాలి. ఆ పీలిక ఉన్న కాయే విత్తనానికి. దారం కట్టకపోతే పురుగులు మరో రకం పుప్పొడి తెచ్చి విత్తనం కలగలిసిపోతుంది. ధ్రువీకరించిన తీగ కూరగాయల విత్తనం పండించాలంటే మరో రకానికి అర కిలోమీటరు దూరం ఉండాలని నిబంధన. పక్క మేడ మీద ఎవరో సొట్ట ఆనప పెంచుతుంటే మనకు అర కిలోమీటరు ఎక్కడ దొరుకుతుంది? దారమే గతి. "అన్నయ్యా, అంత గట్టిగా కట్టకండి, రేకు నలుగుతుంది" అని నాకు రెండుసార్లు చెప్పింది. పిండి మెదిపే చేతులు కదా. ఆనప విషయంలో ఇంకో హెచ్చరిక కూడా చేసింది: కోసిన ముక్క నాలుకకు తగిలించి చూసి, చేదనిపిస్తే కూర మానేయండి, విత్తనమూ కట్టకండి. ఆ చేదు ఆసుపత్రికి పంపగలదు.

దాచే పద్ధతి మన తీరానికి తగ్గట్టు చెప్పడం నాకు బాగా నచ్చింది. గింజ ఎంత బాగా ఎండినా ఈ ఉక్కలో వారం తిరిగేసరికి తేమ పీల్చుకుంటుంది. బియ్యం దోరగా వేయించి, పూర్తిగా చల్లార్చి, గుడ్డలో మూటకట్టి విత్తనాల పొట్లాలతో పాటు గట్టి మూత డబ్బాలో పెట్టమంటుంది. ఆ బియ్యం తేమను లాగేస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ వేయించి వాడుకోవచ్చు. బొబ్బర్లు, చిక్కుళ్లకు పుచ్చు పట్టకుండా బూడిద కలపాలి. ఉల్లి గింజను ఏడాది దాటితే నమ్మకూడదు. వంకాయ, టమాటా మూడు నాలుగేళ్లు ఆగుతాయి. ఉన్న గింజంతా ఒక్కసారే విత్తేయవద్దని, అక్టోబరు దాటే దాకా సగం డబ్బాలోనే ఉంచమని కూడా చెప్పింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు ఏం చేసిందో చూసినవాళ్లకు ఆ మాట వివరించనక్కర్లేదు.

నా పక్కన కూర్చున్న ఆమదాలవలస రైతు, తాను దాచిన వరి విత్తనం పక్కవాళ్లకు అమ్మితే కేసు పెడతారా అని అడిగాడు. రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన 'శ్రీకాకుళం సన్నాలు' వేస్తాడట. మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల మీద వచ్చిన 2001 నాటి చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ చట్టం కింద నమోదై రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో సంచిలో పెట్టి అమ్మడానికే అడ్డు. ఆమె ఇది తడుముకోకుండా చెప్పింది. వరి తనలో తానే పరాగం చెందేది కనుక విత్తనం కట్టడం కూడా తేలికేనంది.

ఇన్ని మెచ్చుకున్నాక మిగతాది కూడా చెప్పాలి. నాటు రకాలను కాగితపు పొట్లాల్లో కట్టి అమ్ముతున్నారు, వాటి మీద పేరు తప్ప ఏమీ ఉండదు. ఎప్పటి గింజ, ఎంత మొలక శాతం, ఎప్పుడు పరీక్షించారు, ఏదీ రాయరు. వంగకు కనీసం 70 శాతం, బెండకు 65, బీరకు, మిర్చికి 60 మొలవాలన్నది ప్రభుత్వ ప్రమాణం. తడిగుడ్డలో చుట్టి చూస్తే బీర బాగానే మొలిచింది, మిర్చి సగం కూడా రాలేదు. అడిగితే పెద్దాయన మారు మాట లేకుండా వేరే పొట్లం ఇచ్చారు, సరే. కానీ లోపల కోడలు తేదీ రాసుకోమని పాఠం చెబుతుంటే బయట మామగారు తేదీ లేని పొట్లాలు అమ్మడం ఏమిటి?

సీసాల్లో పోసి పెట్టిన జీవామృతం, అదే మొక్కలకు పోసే పులియబెట్టిన ద్రవం, అసలు కొనకండి. రెండు రోజుల్లో సిద్ధమై, వారం పది రోజుల్లో వాడేయవలసిన సరుకు అది. మూత బిగించిన సీసా ఉబ్బిపోయి ఉంది. పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి దొరికితే ఇంట్లో బకెట్టులో కలుపుకోవచ్చు. కుండీ మట్టి మిశ్రమంలో మూడొంతులు కొబ్బరి పొట్టే, ధర మాత్రం దిట్టంగా ఉంది. ఉద్దానం కొబ్బరి తోటలున్న జిల్లాలో పొట్టును అంత రేటు పెట్టి ఎందుకు కొనాలి? దొరికినచోట తెచ్చుకుని, ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, పెరటి మట్టి, పశువుల ఎరువు కలుపుకోండి.

తరగతికి పదిహేను మందికి మించి తీసుకోరు కనుక శనివారమే పేరు చెప్పాలి. తీగజాతి తరగతి వానలు పడ్డాక, పందిరి పూతకొచ్చినప్పుడే ఉంటుంది, అడిగి తెలుసుకోండి. బండి పెట్టే చోటు లేదు. ఫోనుతో డబ్బులు తీసుకుంటారు గానీ సందులో సిగ్నల్ అందదు, చిల్లర పట్టుకెళ్లండి.