రికార్డు, క్యాసెట్టు, సీడీ, డౌన్‌లోడ్: ఏళ్ల తరబడి వాడాక

మా ఇంట్లో పాట వినడానికి బెల్ట్ డ్రైవ్ రికార్డు ప్లేయరు, డబుల్ డెక్ టేపురికార్డరు, సీడీ ప్లేయరు, ఫోను, నాలుగూ ఉన్నాయి. నాలుగూ వాడతాం. ఎల్పీ (పెద్ద నల్ల రికార్డు) గొంతులో ఉన్న మహత్తు ఇంకెందులోనూ రాదనే మిత్రులకు ముందే చెప్పేస్తున్నాను: శబ్దం ఒక్కటే లెక్క అయితే సీడీదే పైచేయి. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల అంకెగా రాస్తుంది. చిటపటలుండవు, ఎన్నిసార్లు వేసినా అరగదు. పాపం, దాని మీద మాత్రం ఎవరికీ మోజు లేదు. అందుకే పాత సీడీలు ఇప్పటికీ చవగ్గా దొరుకుతున్నాయి, నాకదే లాభం. కొనేముందు ఒకసారి దీపానికి ఎదురుగా పట్టి చూడండి. సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లుల్లోంచి వెలుతురు వస్తుంటే లోపలి అల్యూమినియం పొర పోతోందన్నమాట. ఇంట్లో కంప్యూటర్లో రాసుకున్న సీడీలను అసలు నమ్మకండి. కంపెనీ అచ్చు వేసినవి నిక్షేపంగా ఉన్నా, నేను రాసుకున్నవి చాలా వరకు చదవడం మానేశాయి.

ఎల్పీ విషయానికొస్తే, అది నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు నడిస్తే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21కి పడిపోతుంది. అదే పాట సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అందుకే ప్రతి వైపూ ఆఖరి పాటలో స, శ, షలు బుసకొడతాయి. పైస్థాయిలో పాడే ఆడగొంతయితే మరీను. ముల్లు మారిస్తే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలాంటి చోట పాత రికార్డు కొనేటప్పుడు వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. కంటికి మాత్రమే కనిపించే గీతలతో పెద్ద ఇబ్బంది లేదు. గోటికి తగిలే గీత ముల్లుకూ తగులుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డుల మీద మాత్రం ఎల్పీ ముల్లు పెట్టకండి. వాటి గాడి వెడల్పు వేరు, దానికి వేరే ముల్లు కావాలి.

ఇన్ని తిప్పలుండి కూడా రికార్డు ఎందుకు ఉంచుకున్నానంటే అట్ట కోసం. పాట రాసిందెవరో, పాడిందెవరో వెనక వరసగా ఉంటుంది. అదే యాప్‌లో హీరో బొమ్మ పెద్దగా ఉంటుంది, రచయిత పేరు కోసం మూడు చోట్ల నొక్కాలి, అప్పటికీ ఉంటుందన్న హామీ లేదు. పైగా తెలుగు పాటను ఇంగ్లిష్ అక్షరాల్లో వెతుక్కోవాలి. దీర్ఘానికి ‘ఎ’ రెండుసార్లు కొట్టాలా ఒకసారా, ‘త’ పక్కన హెచ్ ఉందా లేదా అన్నది ఆ పేరు ఎక్కించిన మనిషికే తెలియాలి.

క్యాసెట్టు మీద నాది పక్షపాతమే. ఫిలిప్స్ వాళ్లు 1963లో తెచ్చినప్పటి నుంచీ దాని లోపాలు దానికున్నాయి. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని రీలు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల నడక, వెనకాల ఎప్పుడూ ఒక ‘స్స్’మనే హోరు. రీలు నలుగుతుంది, రోలర్‌కు చుట్టుకుంటుంది, వానాకాలంలో బూజు పడుతుంది. రీలును చదివే హెడ్డుకు ఎదురుగా క్యాసెట్టులో ఉండే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోతే పాట ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంటుంది. జిగురుతో అతికిస్తే మళ్లీ మామూలే. అరవై నిమిషాల సి-60 గట్టిది, తొంభై నిమిషాల సి-90 పరవాలేదు, సి-120 రీలు మరీ పల్చన కాబట్టి దాని జోలికి పోవద్దు.

అయినా నా బీరువాలో చివరిదాకా ఉండేవి ఇవే. ఎందుకంటే వీటిలో ఉన్నది ఇంకెక్కడా లేదు. రేడియో ముందు టేపురికార్డరు పెట్టి, ఎవరూ మాట్లాడొద్దని ఇంటిల్లిపాదినీ కసిరి రికార్డు చేసిన విజయవాడ కేంద్రం నాటకం ఒకటుంది. పతాక సన్నివేశంలో కుక్కరు మూడు కూతలు కూస్తుంది. మా ఊరి గుడి ముందు చెప్పిన హరికథ ఉంది, బుర్రకథ ఉంది, లిస్టు రాసిస్తే రికార్డింగు షాపువాడు నింపిచ్చిన పాటలున్నాయి. హిట్టయిన సినిమా పాటలకేం, అన్ని యాప్‌ల్లోనూ ఉన్నాయి. హరికథ ఎవరు పెడతారు?

డౌన్‌లోడ్ వల్ల సుఖం లేదని కాదు. ప్రయాణంలో, నడకలో నేను వినేది ఫోన్లోనే. కానీ డబ్బు కట్టి దించుకున్న పాటలు, ఆ దుకాణం మూతపడ్డాక, ఫోను మార్చేసరికి తెరుచుకోలేదు. కాపీ చేసుకోకుండా కంపెనీ తాళం వేసిన ఫైళ్లతో వచ్చే చిక్కే ఇది. యాపిల్ పాటల దుకాణం ఐట్యూన్స్ వాళ్లు కూడా 2009లో పాటలకు ఆ తాళం తీసేశారు. నెలవారీ చందా యాప్‌లయితే ఇంకో రకం. హక్కుల ఒప్పందం ముగియగానే పాట పోయి, ప్లేలిస్టులో పేరొక్కటే బూడిదరంగులో మిగులుతుంది. కాబట్టి డౌన్‌లోడే కావాలంటే తాళం లేని ఫైలు కొని రెండు చోట్ల దాచుకోండి. ఇంకా మేలైన పద్ధతి, సీడీ కొని, నాణ్యత తగ్గకుండా ఫైలు చిన్నది చేసే ఫ్లాక్‌లోకి ఎక్కించుకోవడం. గంట పాటలకు సుమారు 300 నుంచి 400 ఎంబీ పడుతుంది. ఈ రోజుల్లో అదేం పెద్ద జాగా కాదు.

ఇంట్లో పాత క్యాసెట్లున్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకండి. రీలు కన్నా ముందు డెక్కులే పోతున్నాయి. లోపలి రబ్బరు బెల్టు జిగటగా కరిగిపోతుంది, మార్చేవాళ్లు తగ్గిపోతున్నారు. హెడ్డును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కు వైరు పెట్టి, ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకుంటే చాలు. తొంభై నిమిషాల క్యాసెట్టుకు తొంభై నిమిషాలూ కూర్చోవాలి, దానికి దగ్గరి దారి లేదు. కుక్కరు కూతలు వస్తే తీసేయకండి.