త్యాగయ్యగారి మీద పిల్లలకు పది రోజుల వేసవి క్లాసు: పంపొచ్చా?

మా కాలనీలో ఒక సంగీతం టీచర్‌గారు ఈ వేసవిలో వాళ్లింట్లోనే పది రోజుల క్లాసు పెట్టారు. రోజుకు గంటన్నర, ఒక్కొక్కరికి 1,500 రూపాయలు, మొత్తం త్యాగయ్యగారి మీదే. మా బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరు, ఇద్దరికీ సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు కూడా రావు. అలాంటి పిల్లల్ని పంపొచ్చా అని అడుగుతున్నవాళ్లకు నా మాట, తప్పకుండా పంపండి. నచ్చనివి కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

1767లో తిరువారూరులో పుట్టారు, 1847లో తిరువయ్యారులో పోయారు అని వల్లె వేయిస్తారేమో అనుకున్నా. ఆవిడ మొదటిరోజే పటం పరిచి కావేరి ఒడ్డున తిరువయ్యారు చూపించి, ఇది తమిళ ఊరు కదా, మరి ఈయన తెలుగులో ఎందుకు పాడారు అని పిల్లల్నే అడిగారట. కాకర్ల వారిల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే అని తెలిసేసరికి మావాడు ఇంటికొచ్చి "మనలాగే మాట్లాడేవారంట అమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు కట్టిన డబ్బు వచ్చేసినట్టనిపించింది.

ఏ పాటైనా ముందు మాట, తర్వాతే రాగం. తంజావూరు రాజు కానుకలు పంపి పిలిపిస్తే వెళ్లకుండా "నిధి చాల సుఖమా" పాడారని చెప్పే కథ ఉంది కదా, అందులో దధి అంటే పెరుగు, నవనీతం అంటే వెన్న అని చెప్పి, ఇవి రుచా, రాముడి భజన రుచా అని అడిగితే మా పాప వెన్నే అందట. టీచర్‌గారు కాదనలేదు, "ఆయనకూ వెన్న రుచి తెలుసు, అందుకే అలా అడిగారు" అన్నారట. "వరలీల గానలోల" అయితే బ్యాండుమేళం నడకలో సాగుతుంది కాబట్టి పిల్లలంతా వరండాలో కవాతు చేస్తూ పాడారు. కుదురుగా కూర్చోలేని మా బాబుకు నోటికి వచ్చిన మొదటి కీర్తన అదే.

నాలుగోరోజు సంగతి ఎప్పటికీ మర్చిపోను. ఉంఛవృత్తి అంటే ఏమిటో మాటల్లో చెప్పకుండా తలా ఒక చెంబు ఇచ్చి, చిడతలు పట్టించి, పాడుకుంటూ మా వీధిలో పదిళ్లకు తీసుకెళ్లారు. గుమ్మంలో నిలబడి గుప్పెడు బియ్యం పోయించుకుంటుంటే పిల్లల మొహాల్లో వచ్చిన మార్పు నేను కళ్లారా చూశాను, అంత పెద్దాయన రోజూ ఇలాగే తెచ్చుకుని తినేవారా అని బాబు రాత్రి రెండుసార్లు అడిగాడు. ఆ బియ్యంతోనే చివరిరోజు పులిహోర చేశారు.

ఇక నచ్చనివి. త్యాగయ్యగారి అన్నగారు ఆయన పూజించే రాముడి విగ్రహాలను కావేరిలో పడేశాడనే కథ దగ్గర ఒకరోజు క్లాసు ముగించేశారు, అవి మళ్లీ దొరికిన సంగతి మర్నాడు చెప్పారు. మా పాప ఆ రాత్రి ఏడుస్తూనే ఉంది. ఆరేళ్ల పిల్లలకు విగ్రహాలు పోయినప్పుడు పాడారనే "నేనెందు వెతుకుదురా", దొరికినప్పుడు పాడారనే "కనుగొంటిని" ఒకే పూట చెప్పాలి. చివరి రెండు రోజులైతే ప్రోగ్రాం టెన్షన్‌తో పోయాయి. "జగదానందకారక" పెద్దవాళ్లకే నెలలు పట్టే కీర్తన, దాన్ని రెండు రోజుల్లో మైకులో పాడించడం దేనికి? పుస్తకంలో సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండటం నాకు ఇంకా బాధ, "చాల" అన్న మాటను కొందరు పిల్లలు "చల" అని చదివారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మగారు సొంత డబ్బు పెట్టి ఆయన సమాధి దగ్గర గుడి కట్టించిన సంగతి క్లాసులో రాలేదు, అది నేనే ఇంట్లో చెప్పాను. ముఖ్యంగా ఆడపిల్లలకు అది తెలియాలి.

దసరా సెలవుల్లో మళ్లీ పెడుతున్నారట. అయిదేళ్లలోపు వాళ్లకు గంటన్నర కష్టం, కాస్త ఆగండి. సాహిత్యం మీరే తెలుగులో రాసి పంపండి, విగ్రహాల కథ రోజున మాత్రం ముందే టీచర్‌గారితో ఒక మాట చెప్పండి. మేం వచ్చే పుష్య బహుళ పంచమికి, అంటే ఆయన పోయిన తిథినాడు జరిగే ఆరాధన రోజున, పిల్లల్ని తిరువయ్యారు తీసుకెళ్లాలనుకుంటున్నాం. పంచరత్నాలనే ఆయన అయిదు కీర్తనలు అందరూ కలిసి పాడుతుంటే వినాలని నాకుంది, పాప మాత్రం రాముడు దొరికిన చోటు ముందు చూపించమంటోంది.