పదిహేనో తూటాతోనే పేచీ: కొత్త పిస్టల్ మ్యాగజైన్లతో మూడేళ్లు

గ్రీన్‌కార్డు వచ్చాకే పిస్టల్ కొన్నాను. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు ఉన్నా, వాటిని నమ్ముకొని ఉద్యోగాన్నీ వీసానూ పణంగా పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. అలా టెక్సస్‌లో మూడేళ్ల కిందట 9 ఎంఎం పిస్టల్ ఒకటి ఇంటికి వచ్చింది. దానితో రెండు మ్యాగజైన్లు (తూటాలు నింపి పిస్టల్ పిడిలోకి దూర్చే పెట్టెలు) ఇచ్చారు, మరో రెండు విడిగా కొన్నాను. ఒక్కోదానిలో 15 తూటాలు పడతాయి. కంపెనీ పేరు చెప్పను. ఈ తంటా ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

మొదటి వారం బొటనవేలు వాచింది. పదకొండో తూటా దాకా బాగానే దిగేవి. పన్నెండు, పదమూడు దగ్గర తూటాలను పైకి తోసే లోపలి స్ప్రింగు మొండికేసేది. పదిహేనోదాన్ని బల్లకు ఆనించి, పళ్లు బిగబట్టి నొక్కాల్సి వచ్చేది. ఇంతా చేసి ఆ నిండు మ్యాగజైన్‌ను పిస్టల్లోకి తోస్తే పూర్తిగా కూర్చునేది కాదు. రెండో శనివారం కాల్పులు సాధన చేసే రేంజ్‌లో అందరి ముందూ పరువు పోయింది. చాంబర్‌లో, అంటే పేలబోయే తూటా కూర్చునే చోట, ఒక తూటా ఉంది, కింద నిండు మ్యాగజైన్ పెట్టాను, గట్టిగానే ఉందనిపించింది. ఒకటి పేల్చాను. మ్యాగజైన్ జారి సిమెంటు నేల మీద టప్పున పడింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే ఉత్త టిక్కుమనే చప్పుడు.

పక్క వరుసలో ఉన్న మా ఆఫీసు సీనియర్, గుంటూరాయన, నవ్వాపుకోలేకపోయారు. "తమ్ముడూ, ఊరి నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్లు కుక్కి మూత వేస్తావే, అదే ఇది. లోపల జాగా లేకపోతే జిప్పు ఎలా పడుతుంది?" అన్నారు. తర్వాత నా పిస్టల్ స్లైడ్‌ను, అంటే పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగాన్ని, వెనక్కి లాగి లాక్ చేసి, అదే మ్యాగజైన్ ఇచ్చి పెట్టమన్నారు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది.

అసలు సంగతి అక్కడే ఉంది. స్లైడ్ ముందుకు వచ్చి మూసుకొని ఉన్నప్పుడు దాని అడుగు భాగం మ్యాగజైన్‌లోని పై తూటాను కిందకు నొక్కుతుంది. మ్యాగజైన్‌ను పట్టి ఉంచే క్యాచ్ దాని గాడిలో పడాలంటే తూటాల వరుస మొత్తం ఇంకాస్త కిందకు దిగాలి. పదిహేను నింపిన కొత్త స్ప్రింగు దాదాపు పూర్తిగా ముడుచుకొని ఉంటుంది, దిగడానికి చోటే ఉండదు. స్లైడ్ తెరిచి ఉంటే పైన అడ్డు లేదు కాబట్టి పేచీ లేదు. ఒక్క తూటా తగ్గించి పద్నాలుగు నింపితే మూసిన స్లైడ్ కింద కూడా కూర్చుంటుంది. చాంబర్‌లోది కలుపుకుంటే పదిహేను ఎలాగూ ఉంటాయి. ఆ పదహారో తూటా కోసం నేను ఎందుకు అంత ఆరాటపడ్డానో ఇప్పటికీ అర్థం కాదు.

"మ్యాగజైన్లు నింపి రెండు వారాలు అలా వదిలేయి, స్ప్రింగు సర్దుకుంటుంది" అని చాలామంది చెబుతారు. నేనూ చేశాను. మొదటి కొద్ది రోజుల్లో కొంచెం మెత్తబడిన మాట నిజం, ఆ తర్వాత పెద్ద తేడా రాలేదు. నాకు కనిపించినంతలో స్ప్రింగును దారికి తెచ్చింది మాటిమాటికీ నింపడం, కాల్చడమే. అరచేతి పట్టుతో తూటాలు దించే అప్‌లూలా అనే పరికరం మాత్రం పెట్టిన డబ్బుకు రెట్టింపు ఇచ్చింది. వేళ్లు బతికిపోయాయి. అయితే అది నింపడానికే తప్ప, మ్యాగజైన్ కూర్చోబెట్టడానికి పనికిరాదు.

లోపల నూనె పోసిన తెలివి కూడా నాదే. అది చేయకండి. నూనెకు మసి, దుమ్ము అంటుకొని మూడో వారానికి ఫాలోవర్ (స్ప్రింగు మీద ఉండి తూటాలను మోసే ముక్క) ఇంకా బిగుసుకుంది. అడుగు పలక తీసి, స్ప్రింగు బయటికి లాగి, పొడి గుడ్డతో తుడిచి మళ్లీ కూర్చాను. పలక తీసేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టకపోతే స్ప్రింగు ఎగిరి సోఫా కిందకు పోతుంది, మా అబ్బాయి టార్చ్ వేసి వెతికి పెట్టాడు.

నాలుగిటిలో ఒకటి నిజంగానే లోపం ఉన్నది. దాన్ని పట్టుకోవడానికి చేసిన పరీక్ష చాలా సులువు: పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకొని, ఖాళీ మ్యాగజైన్ పెట్టి చూడాలి. ఖాళీది కూడా బిగిసిందంటే తప్పు స్ప్రింగుది కాదు. నా మూడో మ్యాగజైన్ ఖాళీగా ఉన్నా మొరాయించింది. క్యాచ్ పడే గాడి అంచున ప్లాస్టిక్ ముక్క గోరు చివరంత మిగిలిపోయి ఉంది. గీకబోయి ఆగిపోయాను, దుకాణంలో ఇస్తే మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు.

కూర్చోబెట్టేటప్పుడు అరచేతి మడమతో అడుగున ఒక్క దెబ్బ, వెంటనే కిందకు ఒకసారి లాగి చూడటం, ఇంతే నా అలవాటు. స్లైడ్ తెరిచి ఉన్నప్పుడు మాత్రం ఆ దెబ్బ వేయను. కొన్ని పిస్టళ్లలో, ముఖ్యంగా 1911 అనే పాత నమూనా వాటిలో, మ్యాగజైన్ హద్దు దాటి పైకి పోయి ఖాళీ తొడుగును బయటికి విసిరే లోపలి ఎజెక్టర్‌ను తాకే ప్రమాదం ఉంది.

ఇప్పటికి నాలుగు వేల పైచిలుకు తూటాలు పేల్చాను. నాలుగు మ్యాగజైన్లకూ అడుగున తెల్ల పెయింటుతో అంకెలు రాశాను. ఒకటీ, రెండూ పదిహేనుతోనే మూసిన స్లైడ్ కిందకు వెళ్తున్నాయి. మార్చి ఇచ్చిన మూడోది ఇంకా పద్నాలుగు దగ్గరే ఆగమంటోంది, ఆగుతున్నాను.