గాజు ఫైబరా, ప్లాస్టిక్ ఫైబరా: వేడినీ సాగుదలనీ కొలవడానికి ఏది మేలు?

సన్నటి ఫైబర్ పోగులో నడిచే కాంతితో ఉష్ణోగ్రతనీ స్ట్రెయిన్‌నీ (వస్తువు ఎంత సాగిందో) కొలిచే సెన్సర్ల విషయంలో పాలిమర్, అంటే ప్లాస్టిక్, ఫైబర్ గురించి ముందుగా వినిపించే గొప్ప ఒకటుంది: గాజుకంటే వేడికి ఎక్కువగా స్పందిస్తుందని. నా లెక్కలో దాన్ని ఎంచుకోవడానికి అది సరైన కారణం కాదు. అసలు కారణం అది సాగే తీరు.

గాజు చాలా బిగువైన పదార్థం. దాని యంగ్ గుణకం (సాగడానికి ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె) 70 గిగాపాస్కల్స్ పైనే. పాలిమర్ ఫైబర్లలో ఎక్కువగా వాడే పీఎంఎంఏ అనే యాక్రిలిక్ ప్లాస్టిక్‌కి అది 3 దగ్గర ఉంటుంది. పనిలో పెట్టిన గాజు ఫైబర్‌ని 1 శాతం మించి సాగదీయడానికి ఎవరూ సాహసించరు. పాలిమర్ 10 శాతం దాటినా తెగదు. రబ్బరుకో గుడ్డకో గాజు ఫైబర్ అతికిస్తే, ఆ చోట వస్తువే బిగుసుకుపోతుంది. అప్పుడు మనం కొలిచేది వస్తువు సాగుదల కాదు, మనం అతికించినదాని ప్రభావం. మెత్తటి పాలిమర్‌తో ఈ బెడద చాలా తక్కువ. జర్మనీలో పదార్థాలని పరీక్షించే బీఏఎం సంస్థ పరిశోధకులు మట్టికట్టల్లో వేసే జియోటెక్స్‌టైల్ గుడ్డలోనే పాలిమర్ ఫైబర్ అమర్చి, 40 శాతం దాకా సాగుదలని కొలవగలిగారు. అక్కడ గాజు ఎప్పుడో తెగిపోయేది.

ఇక వేడి సంగతి. ఫైబర్ లోపల గ్రేటింగ్ (వక్రీభవన గుణకం క్రమంగా మారే సన్నటి చారల వరస) రాస్తే, అది ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కి పంపుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర గాజులో అది డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లు, ఒక మైక్రోస్ట్రెయిన్‌కి (పొడవులో పదిలక్షో వంతు సాగుదలకి) 1.2 పికోమీటర్లు జరుగుతుంది. అంటే ఒక్క డిగ్రీ వేడెక్కితే 8 మైక్రోస్ట్రెయిన్ సాగినట్టు పొరబడతాం. అయినా ఈ లెక్క నిలకడైనది, సరిదిద్దుకోవచ్చు. పీఎంఎంఏలో మైక్రోస్ట్రెయిన్‌కి వచ్చే జరుగుడు గాజుకంటే కాస్తే ఎక్కువ. వేడి దగ్గరే కథ మారుతుంది. వేడెక్కితే దాని వక్రీభవన గుణకం తగ్గుతుంది, పొడవేమో పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయి. పైగా పీఎంఎంఏ తన బరువులో 2 శాతం దాకా నీరు పీల్చుకోగలదు. పొడిగాలిలో వేడి చేస్తే ఆ నీరు మెల్లగా బయటికి పోతుంది, ఫైబర్ కుదించుకుపోతుంది. ఉష్ణోగ్రత స్థిరపడ్డాక కూడా రీడింగ్ జరుగుతూనే ఉంటుంది. ప్రచురితమైన కొలతలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇదో ముఖ్య కారణం. టోపాస్, జియోనెక్స్ లాంటి పాలిమర్లు నీటిని దాదాపు పీల్చవు కాబట్టి ఈ బెడద ఉండదు. కానీ మామూలు పీఎంఎంఏ ఫైబర్ దొరికినంత సులువుగా ఇవి దొరకవు.

దూరం విషయంలో పోటీయే లేదు. గాజులో కిలోమీటరుకి 0.2 డెసిబెల్స్ కాంతి నష్టం. పీఎంఎంఏలో ఎర్రకాంతికే కిలోమీటరుకి 150 దగ్గర, 1550 నానోమీటర్ల దగ్గరైతే సెంటీమీటరుకే ఒక డెసిబెల్ పోతుంది. పొడవాటి వంతెనకీ పైపులైనుకీ గాజే. 80 డిగ్రీలు దాటే చోట కూడా గాజే, పాలిఇమైడ్ పూత ఉంటే 300 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

చేతిపనిలో మాత్రం పాలిమర్ హాయి. మిల్లీమీటరు మందం ఫైబర్‌ని పదునైన బ్లేడుతో తిన్నగా కోసి, ఒక కొసన ఎర్ర ఎల్ఈడీ, రెండో కొసన వెలుగుని కొలిచే ఫోటోడయోడ్ పెడితే వంపుని పట్టే సెన్సర్ తయారు. ఎల్ఈడీ వెలుగు మారినా రీడింగ్ మారుతుంది కాబట్టి, పోల్చుకోవడానికి వంగని ఫైబర్ ఇంకొకటి పక్కన ఉండాలి. గాజుకైతే కోయడానికి క్లీవరూ, అతకడానికి స్ప్లైసరూ కావాలి, ముక్కలు చేతిలో గుచ్చుకోకుండా చూసుకోవాలి.

నెలల తరబడి ఒకే బరువు మోసే చోట పాలిమర్‌ని నేను నమ్మను. అది నెమ్మదిగా సాగిపోతుంది, బరువు తీసినా వెంటనే పాత పొడవుకి రాదు. ముందుగా ఎనీలింగ్ చేస్తే (కాసేపు వేడిలో ఉంచి లోపలి బిగువు వదిలిస్తే) ఈ గుణం తగ్గుతుంది గానీ పోదు.

వేడీ సాగుదలా కలిసి వచ్చే చోట గాజు ఫైబర్‌నీ పాలిమర్ ఫైబర్‌నీ పక్కపక్కన పెట్టడమే నాకు నచ్చిన పద్ధతి. సాగినప్పుడు రెండు గ్రేటింగ్‌లూ ఒకే వైపు జరుగుతాయి, వేడెక్కినప్పుడు, పీఎంఎంఏలో సాధారణంగా గుణకం తగ్గడమే గెలుస్తుంది కాబట్టి, చెరో వైపు జరుగుతాయి. రెండు సమీకరణాలతో వేడీ సాగుదలా విడిగా తేలతాయి. పాలిమర్ గ్రేటింగ్‌ని తేమ తగలకుండా మూసిపెట్టకపోతే మాత్రం ఆ లెక్కలోకి మూడో తెలియని రాశి దూరుతుంది.