జకాత్ లెక్క కట్టిపెట్టే బల్ల: కర్నూలు పాతబస్తీలో రెండు రంజాన్ల అనుభవం

కర్నూలు పాతబస్తీలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఉన్న ఒక మసీదు కమిటీ, రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెల సగం నుంచి రంజాన్ ఇరవై ఏడో రాత్రి దాకా జకాత్ (స్తోమత ఉన్న ముస్లిం ఏటా తన సంపదలోంచి తప్పనిసరిగా ఇవ్వవలసిన వంతు) లెక్క కట్టిపెట్టే సేవ నడుపుతున్నది. మధ్యాహ్నపు జొహర్ నమాజు తర్వాత రెండు గంటలసేపు వరండాలో ఒక బల్ల వేసి, ఒక హజరత్ (మతం చదివిన పెద్దాయన), కామర్స్ చదివిన ఒక కుర్రవాడు కూర్చుంటారు. మన ఆస్తి వివరాలు చెబితే ఎంత ఇవ్వాలో లెక్క తేల్చి కాగితం మీద రాసిస్తారు. కావాలంటే ఆ డబ్బు తీసుకొని అర్హులకు చేరుస్తారు. ఇందుకు రుసుమేమీ లేదు. వరుసగా రెండేళ్ళు ఈ సేవను వాడుకున్నాను కాబట్టి, వెళ్ళాలా వద్దా అని ఆలోచించేవారి కోసం నాకు తోచింది రాస్తున్నాను. లెక్క కట్టడంలో వారికి వంక పెట్టలేను. వసూలు పద్ధతిగానే ఉంది. పంపిణీ విషయంలో మాత్రం మొదటి ఏడాది నాకు కష్టం కలిగింది.

ముందుగా నా సంగతి. మేము దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట తెలుగే. ప్రభుత్వ పాఠశాలలో చాలా ఏళ్ళు పిల్లలకు శాతాలు, భిన్నాలు చెప్పి రిటైరయ్యాను. అయినా నా సొంత జకాత్‌ను ఏనాడూ లెక్కగా ఇవ్వలేదు. రంజాన్ ఆఖరి పది రోజుల్లో చేతికి వచ్చినంత తీసి, ఇంటికి వచ్చినవారికి పంచి, అయిపోయిందనుకునేదాన్ని. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అలాగే చేశాను.

బల్ల దగ్గర మొదట బయటపడినది తులం గొడవ. ఏడున్నర తులాల బంగారం ఉంటే జకాత్ తప్పనిసరి అని మనవారందరికీ నోటికి వచ్చు. ఆ మాటలోని తులం పాతకాలపు తులం, అంటే 11.664 గ్రాములు. ఈనాడు నగల అంగడిలో తులమంటే 10 గ్రాములే. ఆ ప్రకారం ఏడున్నర పాత తులాలు 87.48 గ్రాములవుతాయి, అంటే అంగడి లెక్కలో దాదాపు ఎనిమిది ముప్పావు తులాలు. వెండికి చెప్పే యాభై రెండున్నర తులాలు కూడా ఇలాగే 612.36 గ్రాములు. లెక్కల టీచరునై ఉండి ఈ తేడాను ఇన్నేళ్ళు పట్టించుకోనందుకు అక్కడే సిగ్గుపడ్డాను. తర్వాత ఆ కుర్రవాడు నా నగలను మేలిమికి మార్చాడు. 140 గ్రాముల ఇరవై రెండు క్యారెట్ల నగల్లో మేలిమి బంగారం 128 గ్రాముల పైచిలుకు. అందులో నలభయ్యో వంతు, అంటే రెండున్నర శాతం, సుమారు 3.2 గ్రాములు. దాని విలువను ఆనాటి ధర ప్రకారం కట్టాడు. రాళ్ళ బరువు, మజూరీ, తరుగు లెక్కలోకి తీసుకోలేదు.

ఒంటి మీద పెట్టుకునే నగలకు జకాత్ ఉందా అని అడిగితే హజరత్ తొందరపడకుండా చెప్పారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గంలో (ధర్మశాస్త్ర సంప్రదాయంలో) ఉంది, షాఫయీ మార్గంలో ఆడవారు మామూలుగా ధరించే నగలకు లేదు. మీరు ఏ మార్గంలో ఉంటే దాని ప్రకారం నడవండి, తక్కువ పడుతుందని మార్గం మార్చుకోవద్దు అన్నారు. ఆ చివరి మాట నాకు నచ్చింది. చీటీకి ఇప్పటిదాకా కట్టిన సొమ్ము, తిరిగి వస్తుందని నమ్మకమున్న చేబదుళ్ళు, అమ్మకానికని కొనిపెట్టిన స్థలం లెక్కలోకి వచ్చాయి. కాపురముంటున్న ఇల్లు, వాడుకునే స్కూటరు, మా ఆయన కుట్టుమిషన్లు రాలేదు. వెంటనే తీర్చవలసిన అప్పును మొత్తంలోంచి తీసివేశారు. నిసాబ్, అంటే జకాత్ తప్పనిసరయ్యే కనీస హద్దు, దాటిన సంపద మన దగ్గర ఒక చాంద్రమాన సంవత్సరం, అంటే సుమారు 354 రోజులు నిలిచి ఉండాలి కనుక, నా పేరిట ఒక హిజ్రీ తేదీ నిర్ణయించి కాగితం పైన రాశారు.

నా వెనుక నిలబడిన కుట్టుపని చేసే అమ్మకు రెండు తులాల బంగారం, బీరువాలో కొంత నగదు ఉన్నాయి. ఏటా రంజాన్‌కు బియ్యం మూట కోసం వచ్చే ఆమె, ఈసారీ ఆ వివరమే అడగబోయింది. బంగారం, నగదు కలిసి ఉన్నప్పుడు వెండి నిసాబ్ విలువతో పోల్చి చూస్తారు, ఆ లెక్కలో ఆమె ఇవ్వవలసినవారి వరుసలోకి వచ్చింది. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నేనూ ఇచ్చేదాన్నేనా హజరత్ అని అడిగిన గొంతులో దిగులు కన్నా గౌరవమే ఎక్కువ వినిపించింది నాకు. ఆ నియమం చిన్నవారి మీద బరువు వేస్తుందేమోనని నాకు ఈనాటికీ సందేహమే, కానీ ఆమె ముఖం చూశాక వాదించబుద్ధి కాలేదు.

ఒక లోపం ఇక్కడే చెప్పాలి. వారి ఫారంలో పంటకు గడి లేదు. కర్నూలులో మసీదుకు వచ్చేవారిలో సగానికి సగం ఊళ్ళలో ఉల్లి, శనగ, పత్తి పండించే కుటుంబాలవారే. వానకు పండిన పంటలో పదో వంతు, బోరు పెట్టి ఖర్చుతో తడిపిన పంటలో ఇరవయ్యో వంతు ఇవ్వాలనే ఉష్ర్ నియమం ఉంది. దీనికి ఏడాది నిండనవసరం లేదు, కోత నాడే బాకీ పడుతుంది. నేనడిగితే హజరత్ నోటితో చెప్పారు గాని, అడగనివారికి తెలిసే దారి లేదు.

అసలు ఇంత కచ్చితం ఎందుకన్నది ఆ బల్ల దగ్గరే అర్థమైంది నాకు. జకాత్ అనే అరబ్బీ మాటకు శుద్ధి అనీ, వృద్ధి అనీ రెండర్థాలూ ఉన్నాయి. కలుపు తీసిన చేను చూసినవారికి ఆ రెండూ ఒకే మాటలో ఎందుకున్నాయో వేరే చెప్పనక్కరలేదు. ఖురాన్ తౌబా సూరా (అధ్యాయం)లోని 103వ ఆయత్ (వాక్యం), వారి సంపదల నుంచి దానం తీసుకొని దాని ద్వారా వారిని శుభ్రపరచి వికసింపజేయమని ప్రవక్తను ఆదేశిస్తుంది. శుభ్రపడేది ఇచ్చేవారు. అందుకే దీనిని వుజూతో, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కోవడంతో, పోల్చుకున్నాను. వుజూలో మోచేతుల దాకా కడగాలంటే మోచేతుల దాకానే కడగాలి, ఎక్కడో పొడిగా వదిలేసి మిగతాచోట్ల రెండింతలు నీళ్ళు పోసుకుంటే సరిపోదు. నేను ఇన్నేళ్ళు అంచనాగా ఇచ్చినది కొన్నేళ్ళు ఎక్కువే అయి ఉండవచ్చు. అయినా అది సదఖా, అంటే ఇష్టపడి చేసే దానం, అవుతుందేమో గాని, జకాత్ నియ్యత్‌తో (సంకల్పంతో) తీర్చిన బాకీ కాదు.

ఫారంలో బ్యాంకు వడ్డీకి విడిగా ఒక గడి పెట్టడం తెలివైన పని. వడ్డీ సొమ్మును జకాత్ కింద చూపించి చేతులు దులుపుకునేవారు మనలో లేకపోలేదు. అది మనది కాని సొమ్ము, పుణ్యం ఆశించకుండా వదిలించుకోవలసినదే తప్ప దానితో బాకీ తీరదని ఆ గడి కిందనే అచ్చువేశారు.

వసూలు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. జకాత్‌కు ఒక పెట్టె, లిల్లాహ్‌కు, అంటే అల్లాహ్ పేరిట ఇష్టపడి ఇచ్చే దానానికి, వేరొక పెట్టె, రెండింటికీ వేర్వేరు రంగుల రసీదులు. ఈ విభజన అలంకారం కోసం కాదు. తౌబా సూరా 60వ ఆయత్ జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలుగా చెబుతుంది. హనఫీ మార్గంలో ఆ సొమ్ము పేదవాడి చేతికి సొంతంగా దక్కాలి కనుక, మసీదు పైకప్పుకో మైకుసెట్టుకో అది పనికిరాదు. తల్లిదండ్రులకు, కన్నపిల్లలకు మన జకాత్ ఇవ్వకూడదు. ప్రవక్త వంశీకులైన సయ్యద్ కుటుంబాలకూ ఇవ్వకూడదు కనుక, అలాంటి పేద ఇళ్ళకు లిల్లాహ్ పెట్టెలోంచి పంపుతారట. వీధిలోని ముస్లిమేతర పేదలకు కూడా ఆ పెట్టెలోంచే సాయం వెళుతుంది, సదఖాకు మతంతో పనిలేదు.

ఇక పంపిణీ. మొదటి ఏడాది మసీదు ముందు షామియానా వేశారు. బియ్యం, కందిపప్పు, నూనె, సేమియా, ఖర్జూరం ఉన్న సంచులు వరుసగా పేర్చి, దాతల్లో నలుగురిని కుర్చీల్లో కూర్చోబెట్టి, వచ్చినవారికి ఒక్కొక్కరికీ వారి చేత ఇప్పిస్తూ ఫోటోలు తీశారు. మా బడిలో చదివిన ఒక అమ్మాయి బిడ్డను చంకనెత్తుకొని ఆ వరుసలో నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు ముఖం మీదికి లాక్కుంది. నేను వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. సాయంత్రానికి ఆ ఫోటోలు పేటలో అందరి వాట్సాప్‌లోనూ ఉన్నాయి.

దీనిని చిన్న పొరపాటని సర్దుకోలేకపోయాను. బఖరా సూరా 264వ ఆయత్, ఎత్తిపొడుపుతోనూ మనసు నొప్పించడంతోనూ మీ దానాలను వ్యర్థం చేసుకోవద్దంటుంది. అదే సూరా 271వ ఆయత్ బాహాటంగా ఇవ్వడాన్ని తప్పనదు, కాని గుట్టుగా పేదలకు చేర్చడం మీకు మరింత మేలని చెబుతుంది. దాతల పేర్లు బోర్డు మీద రాసి ఉంటే, చూసి నలుగురు ఇస్తారనే మాటకు నేను ఒప్పుకునేదాన్నే. అక్కడ బయటపెట్టినది దాతను కాదు, పుచ్చుకున్నవారిని. జకాత్ మనుషుల మాలిన్యమని, తన కుటుంబానికి అది తగదని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. సంపద నుంచి మనం కడిగివేసుకున్నదాన్ని పట్టుకొని ఫోటో దిగడమేమిటి? అదే సొమ్ము అటువైపు చేరేసరికి మాలిన్యం కాదు, హక్కు. మఆరిజ్ సూరా 24, 25 ఆయత్‌లు విశ్వాసుల సంపదలో అడిగేవారికి, లేనివారికి తెలిసిన హక్కు ఒకటి ఉందంటాయి. తన హక్కు తాను తీసుకునేవారు తల దించుకొని నిలబడవలసి రావడమే నాకు మింగుడుపడలేదు.

ఈ మాటలే ఒక కాగితం మీద తెలుగులో రాసి కమిటీకి ఇచ్చాను. జవాబు రాలేదు. అయితే రెండో ఏడాది షామియానా లేదు. పేటలో మూడు కిరాణా అంగళ్ళతో మాట్లాడి, కాగితం చీటీలు అచ్చు వేయించి, ఇద్దరు ఆడవారి చేత పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు తర్వాత ఇళ్ళకు పంపారు. చీటీ చూపితే దాని మీద ఉన్న మొత్తానికి తమకు కావలసిన సరుకు తీసుకోవచ్చు. సేమియా వద్దనుకుంటే పిల్లవాడికి పాలపొడి తీసుకోవచ్చు. మా కాగితం వల్లనే మారారని చెప్పుకోను, ఇంకెందరో చెప్పి ఉంటారు. ఒక అంగట్లో మాత్రం చీటీవారికి బియ్యం పాత నిల్వలోంచి పోస్తున్నారని విన్నాను, కమిటీ అది చూసుకోవాలి.

మిగిలినవి చిన్నవే. ఫారం ఇప్పటికీ ఉర్దూలోనే ఉంది. మా దూదేకుల ఇళ్ళలో ఉర్దూ చదవగలవారు తక్కువ, ఆ కుర్రవాడు చదివి వినిపిస్తుంటే వెనుక వరుసలో అందరూ మన బీరువా సంగతులు వింటారు. ఆడవారికి విడిగా వేళ కేటాయించింది శుక్రవారాలు మాత్రమే, ఆ రోజు రద్దీ చెప్పనలవి కాదు. వెళ్ళేవారు నగల బరువు ముందే తూకం వేయించుకొని, చీటీల పుస్తకం, బాకీల చిట్టా తీసుకొని, షాబాన్ ఆఖరి వారంలో వెళితే పావుగంటలో పని అవుతుంది. ఇరవై ఏడో రాత్రికి ముందు రోజు వెళితే మాత్రం ఇఫ్తార్ ఖర్జూరం అక్కడే తినవలసి వస్తుంది.

పంట గడి గురించి ఈసారి మళ్ళీ కాగితం రాసిచ్చాను. హజరత్ దానిని చదివి మడిచి జేబులో పెట్టుకొని, మీ అన్నగారి చేను బోరు కిందదా వానదా అని అడిగారు.